రాజుకు దక్కని హారతి

సమ్మక్కకు మామూలు కోపం వస్తే నోరు చేసుకుంటుంది. నవాగామ్‌లో మా గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడుతుంది. నల్లా నీళ్ల దగ్గర, రేషన్ షాపు దగ్గర ఆమె నోటికి జడవని ఆడమనిషి లేదు. అసలు కోపం వేరు. అది వచ్చినప్పుడు చీరల దారాలు కత్తిరించే కత్తెరను మెల్లగా నేల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదుటి మనిషిని చాయ్ తాగుతావా అని అడుగుతుంది. ఆ చాయ్ తాగిన ఒక పెద్దమనిషి గురించి, దాన్ని పోసిన సమ్మక్క గురించి రాయాలని కూర్చున్నాను. నా పేరు సోమలింగం. ముప్పై ఏళ్లు సూరత్‌లో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాను. సెలవు దినాల్లో మావాళ్ల భాగోతానికి హార్మోనియం వాయించాను. రెండు పనుల వల్లా నాకు దక్కింది వంగిన నడుమే.

సమ్మక్కది పరకాల దగ్గర పల్లె. తండ్రి భాగోతం గురువు. పగలు మగ్గం నేసేవాడు, తీరినప్పుడల్లా పది ఊళ్ల పద్మశాలి కుర్రాళ్లకు పద్యాలు నేర్పేవాడు. మా దగ్గర ఆడవాళ్లు వేషం కట్టకూడదని కట్టుబాటు. ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాడు తెర వెనక ఎప్పుడూ నిలబడి ఉండడు. వేషం కట్టిన ప్రతి మగాడికీ పద్యం తప్పినప్పుడల్లా అందించింది సమ్మక్కే. రాజు పద్యం, మంత్రి పద్యం, తోటమాలి హాస్యం, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. పద్దెనిమిదేళ్లకు సదానందాన్ని చేసుకుని సూరత్ వచ్చింది. అతను ఉధ్నాలో ఒక కారఖానాలో ఎనిమిది సాంచెలు చూసుకునేవాడు. బక్కమనిషి, మెత్తని గొంతు. అందుకే మా ఆటలో ఎరుకలసాని వేషం అతనిది. చీర కట్టి, గద్దె బుట్ట చంకన పెట్టుకుని రంగం మీదికి వస్తే, చూసే ఆడవాళ్లే అతని నడక చూసి సిగ్గుపడేవాళ్లు.

మేము ఆడేది ఒకటే ఆట. గురువుగారు కట్టినది. మావాళ్లు అన్నదమ్ముల ఆట అంటారు. కథ చిన్నదే. ఎరుకలసాని రాజు చెయ్యి చూసి, నీ తమ్ముడి నెత్తుటితో నీ వంశం ఆగిపోతుందని చెబుతుంది. తమ్ముడు తనను చంపుతాడేమోనని రాజు భయపడి తానే ముందు తమ్ముణ్ణి చంపేస్తాడు. తమ్ముడి భార్య శాపం పెడుతుంది, వంశం ఆగిపోతుంది. చెప్పింది చెప్పినట్టే జరుగుతుంది. రాజు వేషం రాజలింగానిది. సదానందానికి పెదనాన్న కొడుకు, మా కారఖానాలో మాస్టరు, మా కులసంఘానికి పెద్ద. గుండెనిండా గొంతు. ఆ మనిషి రంగం మీద నిలబడితే హార్మోనియం అవసరమే లేదనిపించేది.

ఆట ఆడిన మరుసటి సెలవుకు అందరం కలిసి డుమస్ వెళ్లి సముద్రం ఒడ్డున టమాటా భజియాలు తినేవాళ్లం. అక్కడ ప్రతిసారీ అదే తగాదా. రాజు చేసిన పాపం రాజుదా, విధిదా?

"రాజేం జేస్తడు? నొసట రాసినంక రాజైన గంతే, కూలోడైన గంతే," అనేవాడు రాజలింగం.

"అన్నా, ఎరుకలసాని నేను. ఆమె నోట్ల మాట నాకు తెల్వదా?" అని సదానందం నవ్వేవాడు. "నెత్తురుతోని ఆగుతది అన్నది. కత్తి పట్టుమన్నదా? పట్టింది రాజు."

"ఆమె చెప్పకుంటే ఆయన పట్టకపోవు గద."

"చెప్పింది ఇని ఊకుంటే గూడ అయిపోతుండె గద అన్నా."

సమ్మక్క భజియా నోట్లో పెట్టుకుని ఇద్దర్నీ చూసేది. "రాజు చెయ్యి ఊకుంటే ఆట సగంల ఆగుతది. ఇగ మీకు వేషాలెక్కడియి? తినుండ్రి, సల్లారుతున్నయి," అనేది. అందరం నవ్వేవాళ్లం. అది ఒట్టి వాదన అనుకునేవాళ్లం అప్పుడు.

రెండువేల ఇరవై మార్చిలో సాంచెలు ఆగాయి. పగలూ రాత్రీ ఆ చప్పుడు మధ్యే బతికినవాళ్లం, ఆగేసరికి చెవులు నొప్పి పుట్టాయి. నలభై రోజులు గదుల్లో కూర్చున్నాం. ఒక గదిలో ఎనిమిది మంది, పది మంది. పప్పు అయిపోయింది, తర్వాత బియ్యం, తర్వాత ఓపిక. మే నెలలో రాజలింగం ఎక్కడెక్కడో తిరిగి, ఎవరెవరి కాళ్లో పట్టుకుని, ఊరికి ఒక బస్సుకు అనుమతి తెచ్చాడు. ఆ మాట నిజం, దాన్ని తీసెయ్యకూడదు. ముప్పై మందికే అనుమతి. పేర్ల కాగితం ఆయనే రాశాడు. అందులో సదానందం, సమ్మక్క, వాళ్ల బిడ్డ సింధూజ పేర్లు ఉన్నాయి. నా పేరూ ఉంది.

సదానందానికి దగ్గు. కొత్తది కాదు, ఇరవై ఏళ్లుగా సాంచెల దుమ్ము మింగిన ప్రతివాడికీ ఉండే దగ్గే. కానీ ఆ రోజుల్లో ఎవడన్నా దగ్గితే గోడలు కూడా పక్కకు జరిగేవి. బయలుదేరే ముందు రోజు రాజలింగం వాళ్లింటికి వెళ్లి గుమ్మం బయటే నిలబడి, "రేపు పది గంటలకు బస్సు. సామాన్ తక్కువ తెచ్చుకోండ్రి," అని చెప్పి వచ్చాడు.

బస్సు పొద్దున అయిదున్నరకు కదిలింది.

సమ్మక్క వాళ్లు తొమ్మిదిన్నరకే మూటలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారట. పదీ, పదకొండు, పన్నెండు. ఎండలో నిలబడ్డారు. రాజలింగం ఫోను ఎత్తలేదు. చివరికి పాలు పోసే మనిషి చెప్పాడు, మీ తెలుగోళ్ల బస్సు పొద్దున్నే పోయింది కదా అని. సదానందం మూట మీద కూర్చుండిపోయాడు. అప్పుడు నడుద్దామన్నది సమ్మక్కే. రోడ్డు మీద వేలమంది నడుస్తున్నారు, మనమూ నడుద్దాం, దారిలో ఏదో లారీ దొరకదా అన్నది. కడోదరా దాటాక సదానందానికి ఊపిరి ఆడలేదు. ఎవరో టెంపోలో ఎక్కించి ఒక ఆసుపత్రికి చేర్చారు. వరండాలో పడుకోబెట్టారు, మంచం ఖాళీ కావాలన్నారు. మంచం ఖాళీ అయ్యేలోపు అతనే పోయాడు. ముఖం చూపించలేదు. ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. నాలుగు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. కరోనా లేదు.

ఊరికి పోయినవాళ్లమంతా దసరా ముందు మళ్లీ సూరత్ చేరాం. ఊళ్లో ఏముంది? రాజలింగం పలకరింపుకు వెళుతుంటే నేనూ వెంట వెళ్లాను. సమ్మక్క గోడకు ఆనుకుని చీరల దారాలు కత్తిరిస్తోంది. రాజలింగం స్టూలు మీద కూర్చుని తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, అది కూడా చెప్పాలి.

"వాని రాత గట్లుండె సమ్మక్క," అన్నాడు. "నేనెవర్ని, నువ్వెవరు? రాసినోడు పైన కూసున్నడు."

సమ్మక్క కత్తెర నేల మీద పెట్టింది.

"చాయ్ తాగుతవా బావా?"

ఆయన రెండు కప్పులు తాగాడు. అల్లం బాగా పడిందన్నాడు. ఆయన వెళ్లిపోయాక ఆమె ఆ కప్పును తీసుకెళ్లి గల్లీలో మురుగు మోరీలో పారేసి వచ్చింది. నా ముందు నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"ఇన్నవా అన్నా? రాత అన్నడు. పది గంటలకు బస్సు అని బ్రహ్మ వచ్చి చెప్పిండా నా మొగనికి? గీ నోటితోని గీయన చెప్పిండు. నడుద్దామన్నది నేను. అది నాది, నేను మోస్తున్న, సచ్చేదాక మోస్త. పది గంటలన్నది ఆయనది. ఆయన మొయ్యాలె. అందరి ముంగట, గా నోటితోనే, నేనే చేసిన అని అనిపిస్త. అనిపించకుంటే నేను మా నాయన బిడ్డనే గాదు."

"సంఘంల పెద్దల ముందట పెడుదాం చెల్లె," అన్నాను.

"పెద్దల్ల పెద్ద ఆయనే గద," అన్నది. "పోయి ఎవలకు చెప్పుకోవాలె, ఆయనకేనా?"

ఆ తర్వాత ఏడాది పైనే ఆమె ఏమీ అనలేదు. మళ్లీ ఇంకో విడత జబ్బు వచ్చింది, ఇంకొంతమంది పోయారు. ఆమె రాజలింగం ఇంటికి పోతూ వస్తూ ఉంది. ఆయన భార్య బుచ్చవ్వకు జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చింది. అందరూ మరిచిపోయిందనుకున్నారు. సమ్మక్క మరిచిపోవడమా! నల్లా దగ్గర పదేళ్ల కింద బిందె జరిపినవాళ్ల పేర్లు ఇప్పటికీ తారీఖుతో సహా చెప్పగలదు. నాకు మాత్రం ఆమె మౌనం చూస్తే భయం వేసేది. లోపల ఏదో మరుగుతోంది, మూత కదలడం లేదంతే.

రెండువేల ఇరవై రెండు మొదట్లో, కులదేవుడి పండుగ దగ్గరికి వచ్చినప్పుడు, ఆమే రాజలింగం ఇంటికి వెళ్లింది.

"బావా, రెండేండ్లల్ల మనోళ్లు ఎంతమంది పోయిండ్రు. ఈ పండుగకు ఆట ఆడుదాం. పోయినోళ్ల పేరు మీద. రాజు వేషం నువ్వే కట్టాలె. ఇంకెవలు కట్టినా మా నాయన ఆత్మ ఒప్పదు."

రాజలింగం పొంగిపోయాడు. అరవై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకుని, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. తనను క్షమించేసిందనుకున్నాడు పాపం. బుచ్చవ్వ ఆ సంతోషంలో గల్లీ అంతా చక్కెర పంచింది.

మా ఆటలో ఒక కట్టుబాటు ఉంది. ఇంకెక్కడన్నా ఉందో లేదో నాకు తెలియదు. రంగం మీద చంపే వేషం కట్టినవాడికి ఆ హత్య అంటుకుంటుందని మావాళ్ల నమ్మకం. అందుకని వారం రోజులు ఒంటిపూట తిని, నేల మీద పడుకుని, చేతికి కంకణం కట్టుకుంటాడు. ఆట చివర గురువు ఇంటి ఆడబిడ్డ హారతి పళ్లెం పట్టుకుని రంగం మీదికి వచ్చి, "రాజా, ఈ సావు ఎవలది?" అని అడుగుతుంది. "విధిది తల్లీ," అని రాజు చెప్పాలి. ఆమె హారతి ఇస్తుంది, మేము మంగళం పాడతాం, అతను కంకణం విప్పుతాడు, కిరీటం తీస్తాడు. రంగం మీద చంపాక, హారతి అయ్యేదాకా కంకణం విప్పకూడదు, సొంత ఇంటి గడప తొక్కకూడదు. సమ్మక్క తండ్రికి ఒక్కతే కూతురు. ఆ హారతి ఇవ్వగల చెయ్యి లోకంలో ఒక్కటే ఉంది.

కుర్రాళ్లు ఈ నియమాలన్నీ ఎవడు పాటిస్తాడని నవ్వారు. సమ్మక్క ఒక్కదాన్ని కూడా వదలలేదు. ఆయన ఒంటిపూట తింటున్నాడో లేదో బుచ్చవ్వను అడిగి కనుక్కునేది. మూడు వారాలు దగ్గర కూర్చుని మరిచిపోయిన పద్యాలన్నీ నేర్పించింది. "ఇంకొంచెం పైకి బావా. రాజు తప్పు చేసినోని లెక్క పాడద్దు, తప్పు చెయ్యనోని లెక్క పాడాలె," అని చెప్పేది. ఆ మాట అన్నప్పుడు ఆమె పెదవి కొస ఎలా వంగిందో నేను హార్మోనియం వెనక నుంచి చూశాను. కంకణం ఆమే కట్టింది. ముడి మీద ముడి వేసింది.

ఇదివరకు మా ఆట తెల్లవార్లూ సాగేది. ఈసారి రాత్రి కర్ఫ్యూ ఉంది కాబట్టి పగలు భోజనాలయ్యాక మొదలుపెట్టి దీపాల వేళకు ముగించాలన్నారు. మాస్కులు పెట్టుకుని నాలుగు వందల మంది కూర్చున్నారు. ఎండలో కిరీటం అద్దాలు మెరుస్తుంటే రాజలింగం రంగం మీదికి వచ్చాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత బాగా ఆయన ఎప్పుడూ పాడలేదు. తమ్ముడి వేషం సాంబయ్యది. తమ్ముణ్ణి పొడిచి, శవం తల ఒళ్లో పెట్టుకుని, ఇది నా చెయ్యి కాదు, విధి నా చేతిని తొడుక్కుంది అని పద్యం ఎత్తుకుంటే, ముందు వరుసలో ఆడవాళ్లు మాస్కులు పక్కకు లాగి ముక్కులు చీదారు.

సమ్మక్క తెల్లచీరలో పళ్లెం పట్టుకుని వచ్చింది. పళ్లెంలో కర్పూరం బిళ్ల, అగ్గిపెట్టె.

"రాజా, ఈ సావు ఎవలది?"

"విధిది తల్లీ."

నేను మంగళానికి శ్రుతి అందుకున్నాను. ఆమె కర్పూరం వెలిగించలేదు.

"ఎవలది?"

మరిచిపోయిందేమోనని రాజలింగం గొంతు పెంచి, "విధిది తల్లీ," అని మళ్లీ చెప్పాడు. ఆమె అక్కడే, ఆయన ఎదురుగా కూర్చుంది. పళ్లెం ఒళ్లో పెట్టుకుంది.

"సదానందం సావు ఎవలది బావా?"

చప్పట్లకు సిద్ధమైన చేతులు అలాగే ఆగిపోయాయి. రాజలింగం నా వైపు చూశాడు, వాయించు అన్నట్టు. నేను ఒక మెట్టు నొక్కాను. సమ్మక్క తల తిప్పి నన్ను చూసింది. నా చెయ్యి దానంతటదే కిందికి జారింది.

"ఆటల గిదేంది సమ్మక్క?" అన్నాడు ఆయన మెల్లగా.

"ఆట ఇంక అయిపోలే బావా. హారతి కాలే."

"ముప్పై మంది పానాలు నా చేతుల ఉండె!" రాజలింగం గట్టిగా అరిచాడు. గొంతు ఇంకా రాజు గొంతే. "వాని దగ్గు ఇంటే చెక్‌పోస్టు కాడ అందర్ని దింపుతుండె. నేనేం జెయ్యాలె? చెప్పుండ్రి, మీరే చెప్పుండ్రి!"

"దింపుతుండెనేమో. నేను గది అడుగుతలేను," అన్నది సమ్మక్క. ఆమె గొంతు పెరగలేదు. నల్లా దగ్గరి నోరు అది కానే కాదు. "కాగితం నీది, పేరు కొట్టేసినవ్. సరే. కొట్టేసిన తమ్మీ, నువ్వు రాకు అని మొఖం మీద చెప్పినవా? చెప్తే మేము ఇంట్ల ఉంటుంటిమి. మూటలు కట్టకపోదుము, రోడ్డెక్కకపోదుము. పది గంటలు అని ఎందుకు చెప్పినవ్?"

శవంగా పడుకున్న సాంబయ్య కూడా తల ఎత్తి చూశాడు. ఎవరూ నవ్వలేదు.

చెమటకు రాజలింగం ముఖం మీది రంగు కరిగి మెడ మీదికి కారుతోంది. ముందు వరుసలో బుచ్చవ్వ లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. చివరికి ఆయన మాట్లాడినప్పుడు ఆ గొంతు రాజుది కాదు. మాలాంటి సాంచెల మనిషి గొంతు.

"మీరు బస్సు కాడికొచ్చి ఏడిస్తే నాతోని గాకపోవు," అన్నాడు. "వాడు అన్నా అని ఒక్క మాటంటే ఎక్కించుకుంటుంటి. గది తెల్సే అబద్ధం చెప్పిన. నేనే చెప్పిన. ఇంకెవలు చెప్పలే."

అనేశాడు. నాలుగు వందల మంది విన్నారు. రాతా లేదు, రాసినవాడూ లేడు. ఎక్కించుకోగలిగి కూడా ఎక్కించుకోని ఒక మనిషి కిరీటం పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాకు ఒక్క క్షణం కడుపు చల్లబడింది. సదానందం దోస్తును నేను, ఆ ముచ్చట దాచుకోను.

ఆయన తల వంచాడు. హారతి కోసం.

సమ్మక్క లేచింది. పళ్లెంలోంచి కర్పూరం బిళ్ల తీసుకుని కొంగున ముడి వేసుకుంది. ఖాళీ పళ్లెం ఆయన ముందు పెట్టి రంగం దిగి వెళ్లిపోయింది.

సంఘం పెద్దలు వెంటపడ్డారు. చెల్లె, అక్క, అమ్మా అన్నారు. తప్పు ఒప్పుకున్నాడు కదా అన్నారు. ఇంకెవరి చేతన్నా హారతి ఇప్పిద్దామన్నారు గానీ రాజలింగమే ఒప్పుకోలేదు. గురువు ఇంటి చెయ్యి కావాలన్నాడు. కిరీటం తీసి సంచిలో పెట్టాడు గానీ కంకణం విప్పలేదు, ఇంటి గడప తొక్కలేదు. కారఖానాలో నూలు బస్తాల మీద పడుకునేవాడు. బుచ్చవ్వ డబ్బాలో అన్నం పంపితే సగం తిని పంపేవాడు. నమ్మకమే ఆయన బలం అనుకునేవాళ్లం ఇన్నాళ్లూ. ఆ నమ్మకమే మనిషిని లోపల నుంచి తినేసింది. ఎండలు ముదరక ముందే మాస్టరు పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. అక్కడా సొంత ఇంట్లోకి పోలేదట, పాకలో మంచం వేయించుకున్నాడట.

సింధూజ తల్లితో గొడవ పెట్టుకుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, దానికి మా కట్టుబాట్లు సగం నవ్వులాట. "బస్ కర్ మమ్మీ. పెద్దనాన్న ఒప్పుకుండు గదా. ఇంక ఏం గావాలె నీకు?" అన్నది.

"ఒప్పుకునుడు నేను అడిగిన. మాఫీ ఇస్తనని నేను ఎన్నడన్న?" అన్నది సమ్మక్క.

జూన్‌లో ఒక సాయంత్రం బుచ్చవ్వ వీడియో కాల్ చేసింది. ఆ రెండేళ్లలో మావాళ్లు ఫోనులోనే పెళ్లిళ్లు చూశారు, ఫోనులోనే శవాలకు దండం పెట్టారు. కాబట్టి ఆమె అడిగిందాంట్లో వింత ఏమీ లేదు. రాజలింగానికి గుండె పట్టేసింది, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "చెల్లె, నీ కాళ్లు మొక్కుత," అన్నది బుచ్చవ్వ. "ఫోన్లనే సూపియ్యి, సాలు. ఒక్క సుట్టు తిప్పు. లోపటికి తీస్కపోత మనిషిని. గడప దాటి లోపట పోతడు." ఫోను అటు తిప్పితే మంచం కనబడింది, మంచం మీద చెయ్యి, చేతికి మాసిన కంకణం.

దీపాల వేళ. సమ్మక్క ఎదుట, రోజూ పెట్టే దీపం వెలుగుతూనే ఉంది. వేరే ఏమీ చెయ్యక్కర్లేదు, దాన్ని ఎత్తి చూపిస్తే అయిపోతుంది. సింధూజ నాకు తర్వాత చెప్పింది, తల్లి చెయ్యి ప్రమిద దాకా వెళ్లిందట. అక్కడ ఆగిందట. తర్వాత ఆ చేత్తోనే ఫోను తీసుకుని బోర్లా పెట్టిందట. బోర్లా పెట్టిన ఫోనులోంచి బుచ్చవ్వ ఏడుపు చాలాసేపు వినబడిందట.

తెల్లారి రాజలింగం పోయాడు, ఆ పాకలోనే.

నేను సమ్మక్క దగ్గరికి వెళ్లాను. గల్లీ ఆడవాళ్లు అప్పటికే వచ్చి, ఆయన ఆయుష్షు అంతే అని సమ్మక్కకు చెప్పి పోతున్నారు. నేనూ ఆ మాటే అన్నాను. ఆమె మీద జాలి వేసింది నాకు. "గుండె ఎప్పట్నించో మంచిగ లేదట చెల్లె. రాసిపెట్టి ఉంది, పోయిండు. నువ్వు మనసుల పెట్టుకోకు," అన్నాను.

ఆమె నన్ను చూసింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది. ఎవరి కోసం ఏడ్చిందో నేను అడగలేదు.

"రాసిపెట్టి లేదు," అన్నది. "దీపం ముంగటనే ఉండె. ఎత్తితే అయిపోతుండె. ఎత్తలే. బుచ్చవ్వక్క మొత్తుకుంటుంటే ఇన్న, ఎత్తలే. మంచిదో చెడ్డదో, అది నేను చేసిన. దాన్ని దేవునికి గూడ ఇయ్య నేను."

తర్వాత నన్నే చూస్తూ అడిగింది. "అన్నా, గా రోజు నువ్వు బస్సెక్కినవ్ గద. మేము లేమని నీకు కండ్లకు కనవడలేదా?"

రెండేళ్లు ఆమె ఆ మాట అడగలేదు. అడగదనుకున్నాను. పగ అంతా రాజలింగం మీదే కదా, నా దాకా రాదనుకున్నాను. బస్సు కదలడానికి ముందు నేను సీట్లన్నీ చూశాను. సదానందం ఏడీ అని రాజలింగాన్ని అడిగాను. తీసేసిన, నోరు మూసుకో, కావాలంటే నువ్వు గూడ దిగు, అన్నాడు. ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. వాళ్ల గది నడిస్తే అయిదు నిమిషాల దూరం. జేబులో ఫోను ఉంది. నేను కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చున్నాను.

ఇది ఆమెకు చెప్పేశాను. ఒక్క ముక్క కూడా దాచలేదు. నోరు తెరిచినప్పుడు ముందుగా వచ్చిన మాట "నా తలరాత చెల్లె" అనే. దాన్ని మింగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

ఆమె విన్నది. తిట్టలేదు. చాయ్ తాగుతావా అని కూడా అడగలేదు. లేచి తలుపు దగ్గర నిలబడింది, నేను చెప్పులు వేసుకునేదాకా. ఏడాది దాటింది, మా గల్లీ ఒకటే, రోజుకు నాలుగుసార్లు ఎదురుపడతాం. ఇప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.